బెలుం గుహల మాయాలోకం మీ కంప్యూటర్‌లో: జానపద కథతో పిన్‌బాల్ టేబుల్‌ను మొదటి నుంచి తయారుచేసే పద్ధతి

పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న పలక మీద దొర్లే ఉక్కు బంతిని, కింద ఉండే రెండు చిన్న చేతులతో, అంటే ఫ్లిప్పర్లతో, జారిపోకుండా పైకి కొడుతూ స్కోరు తెచ్చుకునే ఆట. కంప్యూటర్‌లో ఆడే పిన్‌బాల్ టేబుల్‌ను సొంతంగా ఎలా తయారుచేయాలని కర్నూలులోనూ, అనంతపురం, కడపల నుంచి వచ్చిపోయే విద్యార్థులలోనూ చాలామంది నన్ను అడుగుతున్నారు. వారిలో ఎక్కువమంది ఒకే చోట ఆగిపోతున్నారు. ముందు రాజకుమారినీ, మాంత్రికుణ్ణీ, కోటనూ చక్కగా బొమ్మ గీసుకుంటారు. ఆ తరువాత ఆ బొమ్మ మీద బంతిని వదిలి చూస్తే ఆట సాగదు.

నేను కూడా మొదటి టేబుల్‌కు మూడు నెలలు బొమ్మలే వేశాను. ర్యాంపు, అంటే బంతి ఎక్కే వాలు దారి, పెట్టాలనుకున్న చోటికి ఏ ఫ్లిప్పర్ నుంచీ బంతి చేరదని ఆ తరువాతే తెలిసింది. బొమ్మ మొత్తం పారేయవలసి వచ్చింది. కాబట్టి ఇక్కడ చెప్పే క్రమంలో బంతి దారి ముందు వస్తుంది, బొమ్మ బాగా వెనుక వస్తుంది. కథను బంతి వెళ్లే దారే చెప్పాలి.

ఉదాహరణకు మన బెలుం గుహలనే తీసుకున్నాను. మీరు గండికోటనైనా, మీ ఊరి కొండనైనా తీసుకోవచ్చు, పద్ధతి మారదు.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

తయారీకి విజువల్ పిన్‌బాల్ ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. దీని ఎడిటర్ విండోస్ మీద నడుస్తుంది, ఆట నియమాలను వీబీస్క్రిప్టు అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి. దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడంలో కష్టమేమీ లేదు కనుక ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

సరిచూసుకోవలసిన జాబితా:

- విజువల్ పిన్‌బాల్ ఎక్స్, దానితోపాటు వచ్చే నమూనా టేబుల్
- గీతలకు ఇంక్‌స్కేప్, రంగులకు క్రిటా లేదా గింప్, ధ్వనులకు ఆడాసిటీ; ఇవన్నీ ఉచితమే
- రెండు పెద్ద అట్టలు, స్కేలు, కత్తెర, గుండుసూదులు
- నాలుగడుగుల ప్లైవుడ్ పలక
- 27 మిల్లీమీటర్ల ఉక్కు బేరింగు గుండు ఒకటి

చివరిది చాలామందికి వింతగా తోస్తుంది. అసలైన పిన్‌బాల్ యంత్రంలో బంతి వ్యాసం 1 1/16 అంగుళాలు, అంటే సుమారు 27 మిల్లీమీటర్లు. బరువు దాదాపు 80 గ్రాములు. లారీల షెడ్లలో అడిగితే దానికి దగ్గరి కొలత గల గుండు దొరుకుతుంది. ఆ బరువును ఒకసారి అరచేతిలో పట్టుకుని చూసినవారు టేబుల్‌లో బంతిని బెండుముక్కలా ఎగరనివ్వరు.

2. కథను పనులుగా విడగొట్టడం

జానపద కథలో మనకు తెలిసిన సామగ్రి ఉంది: మాంత్రికుడు, చెరలో రాజకుమారి, ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం. ఇది ఎవరి సొంతమూ కాదు, కాబట్టి హక్కుల చిక్కు రాదు. ఏదైనా సినిమా మీద అభిమానంతో దాని తారల ముఖాలనూ, పాటలనూ టేబుల్‌లో పెట్టాలనుకునేవారు, హక్కుదారుల అనుమతి లేకుండా దాన్ని పదిమందికీ పంచలేరని ముందే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కథను స్థలాలుగా, ప్రతి స్థలాన్నీ ఒక పనిగా మార్చండి. బెలుం గుహల్లో ఈ పని సగం ముందే జరిగిపోయి ఉంది, ఎందుకంటే లోపలి భాగాలకు ఉన్న పేర్లే కథలా ఉంటాయి. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనూ, 2022 నుంచి నంద్యాల జిల్లాలోనూ ఉన్న ఈ గుహలు 3,229 మీటర్ల పొడవున సాగుతాయి. అన్నింటికన్నా లోతైన పాతాళగంగ సుమారు 46 మీటర్ల అడుగున ఉంటుంది.

నేను వేసుకున్న పట్టిక ఇది:

- సింహద్వారం: ప్రవేశించడం. బంతిని వదిలే దారి చివర ఉండే గేటు.
- సప్తస్వరాల గుహ: మీటడం. స, రి, గ, మ, ప, ద, ని అనే ఏడు టార్గెట్లు, అంటే బంతితో కొట్టవలసిన గురి పలకలు.
- వెయ్యి పడగలు: చిక్కుకుని బయటపడడం. బంతిని అటూ ఇటూ తన్నే మూడు బంపర్లు.
- పాతాళగంగ: దిగడం. బంతిని మింగే గుంత.
- ఊడలమర్రి: ఎక్కడం. చిలుక తొర్ర దాకా తీసుకెళ్లే ర్యాంపు.

ఐదు స్థలాలకు ఐదు పనులు చాలు. కథ వినగానే నాగకన్య, రెక్కల గుర్రం, మాయాదర్పణం అన్నీ పెట్టాలనిపిస్తుంది. కానీ ఆటగాడి చూపు బంతి మీద ఉంటుంది. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నియమం పెడితే అతనికి ఏదీ గుర్తుండదు. కొత్త పాత్ర కావాలనిపించినప్పుడు అది బంతితో ఏమి చేయిస్తుందని ప్రశ్నించుకోండి. జవాబు రాకపోతే ఆ పాత్రను బొమ్మల్లో పెట్టండి, నియమాల్లోకి రానివ్వకండి.

3. కొలతలు

విజువల్ పిన్‌బాల్‌లో 50 యూనిట్లు ఒక బంతి వ్యాసానికి సమానం. అంగుళాలను యూనిట్లలోకి మార్చాలంటే 47.06తో గుణించండి. ఈ ఒక్క లెక్కను గోడకు అంటించి పెట్టుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

- ప్లేఫీల్డ్, అంటే బంతి తిరిగే పలక: వెడల్పు 20.25 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు. యూనిట్లలో 953, 2165. పొడవు 42 అంగుళాలు ఉండే యంత్రాలు కూడా చాలా ఉన్నాయి.
- ఫ్లిప్పర్: 3 అంగుళాలు, సుమారు 141 యూనిట్లు.
- పలక వాలు: 6.5 డిగ్రీలు.
- బంతి పోయే సందు: కనీసం 62 యూనిట్లు, అంటే బంతి వెడల్పుకు మరో పావు వంతు కలిపి.
- ర్యాంపు నోరు: 100 నుంచి 110 యూనిట్లు, అంటే రెండు బంతులు పక్కపక్కన పట్టేంత.
- ర్యాంపు కింద మరో బంతి పోవాలంటే: ర్యాంపు అడుగు 60 యూనిట్లకు పైన ఉండాలి.

తరచుగా జరిగే తప్పు ఒకటుంది. తెర మీద టేబుల్ చిన్నదిగా కనబడుతుంది కాబట్టి వస్తువులను కంటి అంచనాతో పెద్దవి చేస్తారు. అలా చేస్తే ఒక పెద్ద సింహం తల పలకలో మూడో వంతు ఆక్రమించుకుని, బంతికి తిరగడానికి చోటే మిగలదు. ఏ వస్తువు పెట్టినా దాని పక్కన ఒక బంతిని పెట్టి చూడండి.

4. అట్ట మీద నమూనా

కంప్యూటర్ తెరవడానికి ముందు ఈ పని చేయండి. తొందరలో దీన్ని దాటేసినవారే తరువాత ఎక్కువ కాలం పోగొట్టుకుంటారు.

46 అంగుళాల పలకను 6.5 డిగ్రీల వాలులో నిలపాలంటే పై చివర సుమారు 5.2 అంగుళాల ఎత్తు కావాలి. మా ఇంట్లో బేతంచెర్ల బండల నేల మీద పలక కింది చివరను గోడకు ఆనించి, పై చివర కింద రెండు ఇటుకలను ఒకదానిపై ఒకటి పెట్టి, మిగిలిన లోటును పాత నోటుపుస్తకాలతో పూడ్చాను. పలక మీద అట్ట పరిచి, ఫ్లిప్పర్లకు బదులు రెండు చెక్క స్కేళ్లను ఒక్కొక్క మేకుతో బిగించాను.

గుండును స్కేలు మీదికి దొర్లించి కొట్టి చూడండి. అది ఎక్కడిదాకా వెళ్లింది, ఏ కోణంలో తిరిగి వచ్చింది, ఎక్కడ వేగం చచ్చిపోయింది అనేవి పెన్సిలుతో అట్ట మీదనే గుర్తు పెట్టుకోండి. గోడలకు అట్టముక్కలను నిలువుగా మడిచి గుండుసూదులతో గుచ్చితే చాలు. క్యారమ్స్ బాగా ఆడేవారికి ఈ దశ సులువు, ఎందుకంటే అంచుకు తగిలిన కాయి ఏ వైపుకు తిరుగుతుందో వారి చేతికి ముందే తెలుసు. తేడా ఒక్కటే: ఇక్కడ పలక వాలుగా ఉంటుంది కాబట్టి దారి వంగి కిందికి దిగుతుంది.

నా అట్ట మీద పాతాళగంగను మొదట సరిగ్గా మధ్యలో కోశాను. గుండు గుంత అంచుకు తగిలిన ప్రతిసారీ నేరుగా రెండు స్కేళ్ల మధ్య నుంచి జారి నా మోకాలికి తగిలేది. గుంతను మూడు అంగుళాలు ఎడమకు జరిపి, కుడి పక్కన ఒక చిన్న అట్టగోడ వంచి పెట్టగానే, తప్పిన గుండు కుడి స్కేలు మీదికి రావడం మొదలైంది.

5. కింది భాగం: ఫ్లిప్పర్లు, పక్కదారులు

పలకలో కింది మూడో వంతును కొత్తగా కనిపెట్టకండి. రెండు ఫ్లిప్పర్లు, వాటి పైన బంతి తగిలితే తన్నే రెండు త్రికోణపు స్లింగ్‌షాట్లు, ఇరువైపులా బంతిని ఫ్లిప్పర్‌కు చేర్చే ఇన్‌లేను, దాని బయట బంతిని పోగొట్టే అవుట్‌లేను అనే అమరికకు ఆటగాళ్ల చేతులు అలవాటు పడ్డాయి. నమూనా టేబుల్‌లోని కింది భాగాన్నే తీసుకుని మొదలుపెట్టండి.

ఎడమ ఫ్లిప్పర్‌కు మొదటి కోణం 121, చివరి కోణం 70 ఇవ్వండి. కుడి ఫ్లిప్పర్‌కు అవే అంకెలు మైనస్ గుర్తుతో ఇవ్వండి. ఇన్‌లేను నుంచి దిగిన బంతి ఫ్లిప్పర్ మీదికి ఎగరకుండా దొర్లాలి. రెండింటి కలయిక దగ్గర ఒక్క యూనిట్ మెట్టు ఉన్నా బంతి అక్కడ ఎగిరి గురి చెడుతుంది. ఎడిటర్‌లో బాగా జూమ్ చేసి ఆ అతుకును సరిచేయండి.

6. షాట్ల విసనకర్ర

నా దృష్టిలో టేబుల్ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. ఎడమ ఫ్లిప్పర్ మీద బంతి దొర్లుతున్నప్పుడు, అది ఇంకా మొదలు దగ్గరే ఉండగా కొడితే అదే పక్కకు, అంటే ఎడమకు వెళ్తుంది. కొనకు చేరాక కొడితే ఎదుటి పక్కకు, అంటే కుడికి వెళ్తుంది. మధ్యలో కొట్టినవన్నీ ఈ రెండింటి మధ్య విసనకర్ర రేకుల్లా విచ్చుకుంటాయి. కుడి ఫ్లిప్పర్‌కు ఇదే అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది.

ఒక్కొక్క ఫ్లిప్పర్ నుంచి ఈ రేకులను గీయండి. రెండు విసనకర్రలూ కలిసే చోట్లు, ఒకదానికే అందే చోట్లు, దేనికీ అందని చోట్లు తేలిపోతాయి. తరువాత కథలోని స్థలాలను ఇలా పంచండి:

1. ముఖ్యమైనదాన్ని సుఖంగా అందే చోట పెట్టండి. ఊడలమర్రి ర్యాంపును నేను కుడి పక్కన, ఎడమ ఫ్లిప్పర్‌కు అందేలా పెట్టాను. ర్యాంపు ఎక్కిన బంతి తీగల దారిలో దిగి మళ్లీ ఎడమ ఇన్‌లేనుకే వస్తుంది. ఆటగాడు వరుసగా మూడుసార్లు ఎక్కగలిగితే అతని ముఖం వెలుగుతుంది.

2. అపాయకరమైనదాన్ని తప్పినా బతికే కోణంలో పెట్టండి. ఫ్లిప్పర్ల సందుకు ఎదురుగా నిటారుగా నిలబెట్టిన టార్గెట్ బంతిని నేరుగా సందులోకే తిప్పి కొడుతుంది. సప్తస్వరాల టార్గెట్లను నేను ఒక వరుసగా కాకుండా ఎడమ పక్కన నాలుగు, కుడి పక్కన మూడు, లోపలికి కొద్దిగా వాల్చి పెట్టాను.

3. ఏ రేకుకూ అందని చోటుకు బంపర్లను పంపండి. వెయ్యి పడగలు పై భాగంలో ఉన్నాయి. సింహద్వారం నుంచి వచ్చిన బంతి వాటి మధ్యలో పడుతుంది. అక్కడ గురికి పనిలేదు, అదృష్టానిదే పని.

4. ప్రతి షాట్‌కు తిరుగుదారి గీయండి. బంతి లోపలికి పోయే దారి అందరూ గీస్తారు, బయటికి వచ్చే దారి మరిచిపోతారు. పాతాళగంగలో పడిన బంతిని ఎక్కడి నుంచి, ఎంత వేగంతో, ఏ ఫ్లిప్పర్‌కు అందిస్తారో ముందే రాసుకోండి.

7. రంగుల్లేని టేబుల్

ఇప్పుడు ఎడిటర్ తెరవండి. గోడలు, రబ్బర్లు, ర్యాంపు, టార్గెట్లు అన్నీ బూడిద రంగులోనే పెట్టండి. పెట్టే క్రమం ఇది: బయటి గోడలు, కింది భాగం, బంతిని వదిలే దారి, ర్యాంపు, గుంత, టార్గెట్లు, చివరికి బంపర్లు. ఒక్కొక్కటి పెట్టగానే ఎఫ్5 నొక్కి ఆడి చూడండి. షిఫ్ట్ మీటలు రెండూ ఫ్లిప్పర్లు, ఎంటర్ మీట బంతిని వదిలే ప్లంజరు.

ఈ బూడిద టేబుల్‌ను కనీసం ఒక వారం ఆడండి. బొమ్మలు, పాటలు, దీపాలు ఏవీ లేకుండానే ఇంకొక్క బంతి ఆడాలనిపిస్తే ముందుకు వెళ్లండి, అనిపించకపోతే ఆరో భాగానికి తిరిగి వెళ్లండి.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు ల్యాప్‌టాప్ వేడెక్కి ఆట తడబడుతుంది. ఫ్లిప్పర్ బలం లాంటి సున్నితమైన సర్దుబాట్లు తెల్లవారుజామున చేయండి. మధ్యాహ్నం సరిపోయిందనుకున్న బలం రాత్రికి ఎక్కువగా తోచి, అనవసరంగా మార్చుకుంటూ పోతారు.

ఈ దశలో కనిపించే లోపాలు, వాటి మందులు:

- బంతి ర్యాంపు సగం ఎక్కి జారిపోతోంది: ఫ్లిప్పర్ బలాన్ని వెంటనే పెంచకండి. ర్యాంపు మొదటి భాగం నిటారుగా ఉందేమో చూడండి. పొడవు పెంచి వాలు తగ్గించండి. బలం పెంచితే మిగిలిన షాట్లన్నీ చెడిపోతాయి.
- బంతి ఒక మూలలో నిలిచిపోతోంది: రెండు గోడలు కలిసే చోట వీ ఆకారపు సందు ఉంటుంది. అక్కడ గుండ్రని రబ్బరు పెట్టండి.
- బంతి గోడలోకి చొచ్చుకుపోతోంది: రెండు వస్తువులు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. ఒకదాన్ని వెనక్కి జరపండి.
- బంతి సబ్బునురుగులా మెల్లగా తేలుతోంది: వాలు 6.5 దగ్గర ఉందా, సాగుగుణం (తగిలిన బంతిని తిరిగి ఎగరగొట్టే గుణం) మరీ ఎక్కువగా ఉందా చూడండి.
- అవుట్‌లేనులోనే మూడు బంతులూ పోతున్నాయి: అవుట్‌లేను నోటి దగ్గరి రబ్బరు గూటాన్ని నాలుగైదు యూనిట్లు బయటికి జరిపి సందు తగ్గించండి. ఈ చిన్న జరుపుడు ఆటను ఎంత మారుస్తుందో చేసి చూస్తేనే తెలుస్తుంది.

8. నియమాలు, స్క్రిప్టు

నియమాలను ముందు తెలుగులో, కాగితం మీద, మీ చెల్లెలికో తమ్ముడికో చెప్పినట్టు రాయండి. నావి ఇవి: ఏడు స్వరాలూ మీటితే పాతాళగంగ తెరుచుకుంటుంది. పాతాళగంగలో రెండుసార్లు దిగితే మూడు బంతులు ఒకేసారి ఆటలోకి వస్తాయి. ఆ సమయంలో ఊడలమర్రిని మూడుసార్లు ఎక్కితే చిలుక దొరుకుతుంది, మాంత్రికుడు కూలిపోతాడు. చిలుక దొరకక ముందే బంతులు జారిపోతే స్వరాలను మళ్లీ మీటాలి.

స్వరాలను ఆరోహణ క్రమంలోనే కొట్టాలని మొదట నియమం పెట్టాను. సంగీతం తెలిసినవారికి అది నచ్చింది, కానీ ఆడినవారిలో ఎవరూ ‘గ’ దాటలేదు. ఇప్పుడు ఏ క్రమంలో కొట్టినా లెక్కకు వస్తుంది; క్రమం తప్పకుండా కొట్టినవారికి అదనపు స్కోరు ఉంటుంది.

స్క్రిప్టు రాసేటప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి:

1. మొదటి వరుసలో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ అని రాయండి. చరరాశి పేరులో అక్షరం తప్పితే వెంటనే పట్టుకుంటుంది.

2. వస్తువు పేరు మారిస్తే దాని సబ్ (ఆ వస్తువుకు బంతి తగిలినప్పుడు నడిచే స్క్రిప్టు ముక్క) పేరు కూడా మార్చండి. టార్గెట్ పేరు మార్చి సబ్ పేరు మరిచిపోతే, కొట్టినా ఏమీ జరగదు, తప్పు కూడా చూపించదు.

3. జ్ఞాపకాలను మూడు రకాలుగా విడదీయండి: ఆట అంతా ఉండేవి, ఈ బంతి పోయేదాకా ఉండేవి, కొన్ని క్షణాలే ఉండేవి. మీటిన స్వరాలు మొదటి రకం; బంతి పోగానే అవి చెరిగిపోతే ఆటగాడికి మనసు విరిగిపోతుంది.

4. పలక మీద ఎన్ని బంతులు ఉన్నాయో ఒక లెక్క ఉంచండి. కింద బంతి పడినప్పుడు ఒకటి తగ్గించి, సున్నా అయితేనే తరువాతి బంతికి వెళ్లండి. ఈ లెక్క లేకపోతే మూడు బంతుల ఆటలో మొదటిది జారగానే ఆట ముగుస్తుంది. కొత్తవారి టేబుళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనబడే లోపం ఇదే.

5. పాతాళగంగలో బంతిని నిజంగా దాచకండి. పడిన బంతిని తొలగించి, దిగిన సంఖ్యను ఒకటి పెంచి, ప్లంజరు దగ్గర కొత్త బంతిని పుట్టించండి. గుంతలో బంతి ఉండగానే ఇంకొకటి వచ్చి పడే చిక్కు దీనితో పోతుంది.

6. బంతి వదిలిన మొదటి 10 సెకన్లలో జారిపోతే తిరిగి ఇవ్వండి. టైమరు విలువను మిల్లీసెకన్లలో, అంటే 10000 అని ఇవ్వాలి.

9. స్కోరు

నా టేబుల్‌లో బంపరు 100, స్వరం 1,000, ర్యాంపు 5,000, ఏడు స్వరాలు పూర్తయితే 25,000, చిలుక 2,00,000. ఇరవై ఆటలు ఆడి, ఏ షాట్ నుంచి ఎంత వచ్చిందో రాసుకోండి. మొత్తంలో సగానికి పైగా ఒకే షాట్ నుంచి వస్తే దాని విలువ తగ్గించండి, ఎందుకంటే ఆటగాళ్లు ఆ ఒక్కదాన్నే కొడుతూ మిగతా కథను వదిలేస్తారు.

అంకెల మధ్య కామాలను మన పద్ధతిలో లక్షలకు పెట్టండి. 12,34,500 అని కనబడితే మన కంటికి ఒక్క చూపులో అందుతుంది.

10. దీపాలు

గుహ కదా అని అంతా చీకటి చేయకండి. పలక కింది భాగం, ముఖ్యంగా ఫ్లిప్పర్ల చుట్టూ, ఎప్పుడూ వెలుగులో ఉండాలి. పై భాగాన్ని కావలసినంత చీకటిగా ఉంచవచ్చు.

ఒక రంగుకు ఒకే అర్థం ఇవ్వండి. మీటవలసిన స్వరానికి పసుపు, పాతాళగంగకు నీలం, చిలుకకు ఆకుపచ్చ అని నేను నిర్ణయించుకున్నాను. మెరుస్తున్న దీపం ‘ఇప్పుడు నన్ను కొట్టు’ అని చెప్పాలి, నిలకడగా వెలిగేది ‘ఇది అయిపోయింది’ అని చెప్పాలి. ఒకేసారి మూడుకు మించి దీపాలు మెరిస్తే ఆటగాడికి ఏదీ వినబడదు.

11. బొమ్మలు, అక్షరాలు

ఎడిటర్ నుంచి బ్లూప్రింట్‌ను, అంటే టేబుల్ గీతల పటాన్ని, ఎగుమతి చేసి, దాన్ని అడుగు పొరగా పెట్టుకుని దాని మీద గీయండి. 46 అంగుళాల పలకకు 1803 × 4096 పిక్సెళ్ల బొమ్మ సరైన నిష్పత్తిలో ఉంటుంది. ర్యాంపు కింద పడే చోట ముఖాలు గీయకండి. బంతి ఎక్కువగా తిరిగే దారుల్లో గీతలు తక్కువగా, రంగు ఒకే తీరుగా ఉంచితే బంతి స్పష్టంగా కనబడుతుంది.

శైలి కోసం దూరం వెళ్లవలసిన పనిలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలను చూడండి. పలుచని తోలు, దాని మీద రంగులు, వెనుక నుంచి వచ్చే దీపకాంతి, నగల చోట చిన్నచిన్న రంధ్రాల గుండా మెరిసే చుక్కలు: పిన్‌బాల్ యంత్రంలో ప్లాస్టిక్ పలకల వెనుక దీపం పెట్టే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూసినకొద్దీ నాకు ఆశ్చర్యం కలుగుతుంది. మాంత్రికుడి బొమ్మలో కిరీటం మీద, హారం మీద పారదర్శకంగా చుక్కలు వదిలి వెనుక ఫ్లాషర్, అంటే తళుక్కున మెరిసే దీపం, పెట్టండి. దుస్తులకు, రంగుల పొందికకు లేపాక్షి పైకప్పు చిత్రాలు మంచి పాఠం. కళాకారుల బొమ్మను ఫోటో తీసి నేరుగా వాడకండి. వారి అనుమతి తీసుకోండి, వీలైతే డబ్బిచ్చి గీయించుకుని వారి పేరు వేయండి.

తెలుగు అక్షరాలకు రామభద్ర, మల్లన్న, సురవరం, ధూర్జటి వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. స్క్రిప్టులో తెలుగును నేరుగా రాయకుండా, ‘పాతాళగంగ తెరుచుకుంది’ వంటి ప్రతి వాక్యాన్నీ ఇంక్‌స్కేప్‌లో బొమ్మగా తయారుచేసి చూపించండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా ఒత్తులు విడిపోకుండా ఉంటాయి. ఎగుమతి చేశాక ‘స్వ’, ‘ప్త’, ‘ర్రి’ సరిగా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి.

12. ధ్వనులు

గుహలో రాతిని తట్టి ధ్వని రికార్డు చేద్దామని ఎవరూ అనుకోవద్దు. వేల ఏళ్లకు ఏర్పడిన ఆ శిలలకు ఒక్క దెబ్బ కూడా తగలకూడదు.

ఇంట్లోనే జలతరంగం పద్ధతి సరిపోతుంది. ఏడు పింగాణీ గిన్నెలను వరుసగా పెట్టి, వాటిలో నీళ్లు హెచ్చుతగ్గులుగా పోయండి. నీళ్లు పెరిగితే శ్రుతి దిగుతుంది. ఫోనులో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుని చెంచాతో ఒక్కొక్క చుక్క నీరు కలుపుతూ స్వరం కుదుర్చుకోండి. సన్నని వెదురుపుల్లతో అంచు మీద తట్టి, ఫ్యాను ఆపి, రికార్డు చేయండి. మా ఇంట్లో ‘ని’ గిన్నె ఎంతకీ కుదరలేదు. చివరికి గిన్నె మార్చి చిన్న టీకప్పు పెడితే మొదటి దెబ్బకే పలికింది.

ధ్వనిని డబ్ల్యూఏవీ ఫైలుగా దాచండి. మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని పూర్తిగా కోసేయండి, లేకపోతే దెబ్బ తగిలాక ఆలస్యంగా వినబడుతుంది. బంతి దొర్లే చప్పుడు, ఫ్లిప్పర్ ఠక్కుమనే చప్పుడు సంగీతం కన్నా పైన వినబడాలి, ఎందుకంటే ఆటగాడు సగం చెవితోనే ఆడతాడు.

13. పరీక్ష, విడుదల

పిన్‌బాల్ ఎప్పుడూ ఆడని ఇద్దరికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వెనుక కూర్చోండి. వారు ఎక్కడ ‘ఇప్పుడేం చేయాలి?’ అని అడిగితే అక్కడ ఒక దీపమో, ఒక మాటో తక్కువైందని అర్థం. ఎడిటర్ నుంచి నడిపేటప్పుడు డీబగ్గర్‌లో, అంటే లోపాలు వెతికే పరికరంలో, బంతిని మౌస్‌తో విసిరే ఏర్పాటు ఉంది. ప్రతి మూలకూ, ప్రతి గోడ వెనకకూ విసిరి నిలిచిపోయే చోట్లు వెతకండి.

పంచే ముందు సరిచూసుకోండి:

- మూడు బంతుల ఆటలో రెండు బంతులు ఒకే క్షణంలో జారితే ఆట సరిగా సాగుతోందా
- ఆట ముగిసి మళ్లీ మొదలుపెడితే స్వరాలు, చిలుక లెక్క సున్నాకు వచ్చాయా
- టిల్టు (టేబుల్‌ను మరీ ఎక్కువగా కుదిపినందుకు పడే శిక్ష) అయినప్పుడు ఫ్లిప్పర్లు ఆగుతున్నాయా, తరువాతి బంతికి తిరిగి పనిచేస్తున్నాయా
- బొమ్మలు, ఫాంట్లు, ధ్వనులు ఎవరివో, ఏ అనుమతితో వాడారో టేబుల్ సమాచారంలో రాశారా
- ఎడమ పక్క కింద పెట్టే నియమాల చీటీలో తెలుగు వాక్యాలు ఐదుకు మించలేదు కదా
- వేరే కంప్యూటర్‌లో, మీ ఫోల్డర్లు ఏవీ లేని చోట, టేబుల్ తెరుచుకుందా

ఫైలు పేరు చివర 1.0 అని రాయండి. మొదటి వారంలోనే ఎవరో ఒకరు బంతి ఊడలమర్రి వెనుక ఇరుక్కుందని చెబుతారు. దాన్ని సరిచేసి 1.1 అని మళ్లీ ఇవ్వండి, పాత ఫైలును మాత్రం చెరపకండి.